బండి నడిపితే కుడి పిర్ర నుంచి పిక్క దాకా లాగుతోంది. స్కాన్‌లో డిస్క్ అన్నారు, ఇప్పుడు పిరిఫార్మిస్ అంటున్నారు. ఏది నమ్మాలి?

కొండబండి_తిరుపతి

అందరికీ నమస్కారం. నాది తిరుపతి, కొర్లగుంటలో ఉంటాం. సొంత బండి, ఏడు సీట్లది. రేణిగుంట ఎయిర్‌పోర్టులోనో రైల్వే స్టేషన్‌లోనో యాత్రికులను ఎక్కించుకుని కొండకు తీసుకెళ్తాను. దర్శనం అయ్యాక కాణిపాకం, శ్రీకాళహస్తి, అడిగితే వేలూరు దగ్గర శ్రీపురం బంగారు గుడి దాకా తిప్పుతాను. వయసు 42. షుగర్, బీపీ లేవు. కింద పడిందీ దెబ్బ తగిలిందీ ఏమీ లేదు.

నొప్పి మొదలయ్యేది నడుములో కాదు. కుడి పిర్ర మధ్యలో, లోపల ఎక్కడో. వేలు పెట్టి గట్టిగా నొక్కితే 'ఇక్కడే' అని చెప్పగలను. ఎక్కి కూర్చున్నప్పుడు బాగానే ఉంటుంది. చంద్రగిరి దాటి పాకాల వైపు వెళ్లేసరికి మంట మొదలవుతుంది. కాణిపాకం చేరే లోపు తొడ వెనక నుంచి పిక్క దాకా తీగ పట్టి లాగినట్టు ఉంటుంది. దిగి పది నిమిషాలు నడిస్తే సగం తగ్గుతుంది. మళ్లీ కూర్చుంటే మళ్లీ అంతే. ఘాట్ రోడ్డులో దిగేటప్పుడు బ్రేకు మీద కాలు పెట్టి పెట్టి ఇంకా ఎక్కువ అవుతుంది. రాత్రి కుడి వైపు తిరిగి పడుకోలేను.

మొదట ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చూపించాను. ఎమ్మారై తీయించారు. ఎల్4-ఎల్5 దగ్గర, అంటే నడుము కింది ఎముకల మధ్య ఉండే మెత్తటి డిస్క్ కొద్దిగా ఉబ్బింది, కాలికి పోయే నరం నొప్పి ఇది, సయాటికా అన్నారు. నరాల నొప్పికి ప్రిగాబలిన్ మాత్రలు రాశారు, తగ్గకపోతే ఆపరేషన్ గురించి ఆలోచిద్దాం అన్నారు. ఆ మాట విన్నప్పటి నుంచి ఇంట్లో అందరికీ ఒకటే టెన్షన్. మాత్ర వేసుకుంటే నొప్పి కొంచెం తగ్గుతుంది గానీ కళ్లు మూతలు పడతాయి. వెనక ఆరుగురిని కూర్చోబెట్టుకుని ఆ మత్తుతో ఘాట్ రోడ్డు ఎక్కలేను. అందుకే బేరం ఉన్న రోజు మాత్ర వేసుకోవడం లేదు.

తర్వాత వేరే చోట ఒక చిన్న డాక్టర్ గారు చాలా సేపు పరీక్ష చేసి, ఇది డిస్క్ కాకపోవచ్చు, పిరిఫార్మిస్ అనే కండరం నరాన్ని ఒత్తుతూ ఉండొచ్చు అన్నారు. ఫిజియోథెరపీ చేయించుకోమన్నారు. స్కాన్‌లో కనిపించింది అబద్ధమా? ఈ కండరం ఏమిటి? బండి ఆపి ఇంట్లో కూర్చుంటే ఈఎంఐ కట్టేవాళ్లు లేరు. నడుపుతూనే తగ్గించుకునే దారి ఉంటే చెప్పండి. అనుభవం ఉన్నవాళ్లు, వైద్యం తెలిసినవాళ్లు ఎవరైనా సరే.

పాకాల_జంక్షన్

అన్నా, ఇంత ఆలోచన ఎందుకు? పుత్తూరు పోయి కట్టు కట్టించుకో. మా నాయనకు మణికట్టు విరిగితే అక్కడ కట్టిన కట్టుతోనే అతుక్కుంది. ఇప్పుడు బిందె మోస్తాడు. తమిళనాడు నుంచి, కర్ణాటక నుంచి కూడా వస్తారు అక్కడికి. లేదంటే మా ఊర్లో నరాలు తీసే పెద్దాయన ఒకాయన ఉన్నాడు. బోర్లా పడుకోబెట్టి మడమతో తొక్కి ఆముదం మర్దన చేస్తాడు. మా పెదనాయనకు నడుము పట్టేస్తే ఆయనే తీసినాడు. కావాలంటే తీసుకుపోతా.

ఫిజియో_అక్క

కొండబండి అన్నా, నమస్తే. నేను తిరుపతిలో ఫిజియోథెరపిస్టుగా పని చేస్తున్నాను. నా దగ్గరికి వచ్చేవాళ్లలో కొండకు బండ్లు తిప్పేవాళ్లు ఎక్కువ. మీరు రాసిన తీరు చూస్తే ఆ చిన్న డాక్టర్ గారి మాటను గట్టిగా పట్టించుకోవాలని నాకు అనిపిస్తోంది. చెయ్యి పెట్టి చూడకుండా ఖాయంగా చెప్పను. అయితే మీకు తెలియాల్సింది చాలా ఉంది, కొంచెం పొడుగ్గానే రాస్తాను.

ముందు పుత్తూరు సంగతి. పాకాల తమ్ముడు ప్రేమతోనే చెప్పాడు. కానీ ఆ కట్టు విరిగిన ఎముకకు, బెణికిన కీలుకు. మీకు ఎముక విరగలేదు. పిర్ర లోపల నరం మీద పడుతున్న ఒత్తిడి కట్టుతో పోదు. తొక్కించుకోవడం మాత్రం అసలే వద్దు. ఇప్పటికే రేగి ఉన్న నరం మీద మడమ బరువు వేస్తే నాలుగు రోజుల్లో తగ్గేది నాలుగు నెలలు పడుతుంది. ఈ ఒక్క విషయంలో నా మాట వినండి.

ఇప్పుడు ఆ కండరం. నడుము కింద, తోక ఎముకకు పైన ముక్కోణం ఆకారంలో ఒక ఎముక ఉంటుంది, త్రికాస్థి అంటారు. దాని లోపలి వైపు నుంచి బయల్దేరి, పిర్రలో అడ్డంగా వచ్చి, తొడ ఎముక పైభాగాన పక్కకు పొడుచుకొచ్చిన గుబ్బకు అతుక్కుంటుంది పిరిఫార్మిస్. పైన పెద్ద పిర్ర కండరం కప్పేసి ఉంటుంది కాబట్టి బయటికి కనపడదు. మీరు నిలబడి పాదాన్ని బయటికి తిప్పితే తొడను తిప్పే కండరాల్లో ఇదొకటి. నడిచేటప్పుడు నడుము పక్కకు ఒరిగిపోకుండా పట్టి ఉంచడంలోనూ దీని సాయం ఉంటుంది.

అసలు తంటా ఎక్కడంటే, కాలికి వెళ్లే సయాటిక్ నరం ఈ కండరాన్ని ఆనుకునే పోతుంది. ఆ నరం దాదాపు బొటనవేలంత లావు. వందలో ఎనభైకి పైగా మనుషుల్లో కండరం కింది అంచు నుంచి బయటికి వస్తుంది. మిగిలిన కొద్దిమందిలో ఎక్కువగా నరం రెండు పాయలుగా చీలి, ఒక పాయ కండరంలోంచే దూసుకు వస్తుంది. ఎవరిలో ఎలా ఉన్నా, కండరం బిగుసుకుపోయినా, వాచినా, పైనుంచి గంటల తరబడి ఒత్తిడి పడినా పక్కనున్న నరం రేగుతుంది. నొప్పి పుట్టింది పిర్రలో అయినా నరం పోయే దారి పొడుగునా తొడ, పిక్క లాగుతాయి. 1947లో రాబిన్సన్ అనే డాక్టర్ దీన్ని పిరిఫార్మిస్ సిండ్రోమ్ అన్నారు. ఆ చోట నరాన్ని ఒత్తే వేరే కండరాలు, పట్టీలు కూడా ఉన్నాయి కాబట్టి ఈ మధ్య అన్నిటినీ కలిపి డీప్ గ్లూటియల్ సిండ్రోమ్ అంటున్నారు. దీన్ని అతిగా అంటగడుతున్నారని వాదించే డాక్టర్లూ ఉన్నారు. వాళ్ల మాటలో న్యాయం ఉంది. దీనికంటూ ఒక రక్త పరీక్ష లేదు, 'ఇదే' అని తేల్చే స్కాన్ లేదు. మిగతావి కాదని తేల్చుకుంటూ వచ్చి దీని దగ్గర ఆగాలి.

మీ స్కాన్ అబద్ధం కాదన్నా. డిస్క్ ఉబ్బి ఉండొచ్చు. కానీ ఏ నొప్పీ లేని నలభై ఏళ్ల మనుషులకు ఎమ్మారై తీసినా దాదాపు సగం మందిలో అలాంటి ఉబ్బు కనిపిస్తుంది. కాబట్టి ఉబ్బు కనపడటం వేరు, మీ నొప్పికి అదే కారణం కావడం వేరు. ఆ ఉబ్బు నిజంగా నరాన్ని తాకుతోందా, తాకితే ఏ నరాన్ని, ఆ నరం పోయే చోటే మీకు నొప్పి ఉందా అన్నది పరీక్ష చేసిన డాక్టర్ చెప్పాలి. రిపోర్టు కాగితం చెప్పదు. 'కొద్దిగా ఉబ్బు' అన్న ఒక్క మాట చూసి ఆపరేషన్ దాకా ఊహించుకుని నిద్ర పాడుచేసుకోకండి.

పరీక్షలో మేము చూసేవి ఇవి. నొప్పికి కేంద్రం పిర్రలో ఉందా, నడుములోనా? కూర్చుంటే పెరుగుతుందా? పిర్రలో ఆ కండరం ఉన్న చోట నొక్కితే మీ నొప్పే మళ్లీ వస్తుందా? ఒక పక్కకు పడుకోబెట్టి, పైకాలు తుంటి దగ్గర మడిచి, మోకాలిని మంచం వైపు దించుతూ ఆ కండరాన్ని సాగదీస్తే నొప్పి రేగుతుందా? ఈ నాలుగూ కలిస్తే అనుమానం బలపడుతుంది. దగ్గినా తుమ్మినా నడుములోంచి కాలిలోకి కరెంటు కొట్టినట్టు ఉంటే, వెల్లకిలా పడుకుని మోకాలు వంచకుండా కాలు ఎత్తితే సగం ఎత్తులోనే పాదం దాకా జివ్వుమంటే నా చూపు డిస్క్ వైపు పోతుంది. ఇవి రెండూ కలగలిసి ఉండేవాళ్లూ ఉన్నారు.

మీ పర్సు ఏ జేబులో పెడతారు? డ్రైవర్లు ఎవరొచ్చినా నేను అడిగే మొదటి ప్రశ్న ఇదే. ప్యాంటు వెనక కుడి జేబులో లైసెన్సు, ఆర్సీ, టోల్ రసీదులు, చిల్లర నోట్లతో లావుపాటి పర్సు ఉంటుంది. దాని మీద గంటల తరబడి కూర్చుంటారు. పిర్రకూ సీటుకూ మధ్య అది సరిగ్గా ఆ కండరం మీద ఒత్తుతుంది. ఇది కొత్తగా కనిపెట్టిందేమీ కాదు. 1978లోనే అమెరికా వైద్య పత్రికలో కార్డుల పర్సు వల్ల వచ్చే సయాటికా గురించి రాశారు. పర్సు ఈ రోజే డాష్‌బోర్డు అరలోకి మార్చండి.

రెండోది సీటు. చాలామంది సీటును వెనక్కి తోసేసి కాలు బారజాపి నడుపుతారు. అలా ఉంటే పెడల్ తొక్కిన ప్రతిసారీ తుంటి నుంచి కాలంతా సాగాలి, పైగా మోకాలు బయటికి పడిపోతుంది. తొడ అలా బయటికి తిరిగి ఉన్నంతసేపూ పిరిఫార్మిస్ బిగిసే ఉంటుంది. బ్రేకు పూర్తిగా తొక్కినా మోకాలు ఇంకా కొంచెం వంగి ఉండేంత ముందుకు సీటు జరుపుకోండి. మోకాలు పాదానికి సూటిగా ఉండాలి. పాత బండ్లలో సీటు ఒక వైపు కుంగిపోయి ఉంటుంది. ఉంటే ఆ పల్లం వరకు మాత్రమే తువ్వాలు మడిచి పెట్టి రెండు పిర్రలూ ఒకే ఎత్తున వచ్చేలా చూసుకోండి. మెత్తటి దిండు వేసుకుని అందులో కూరుకుపోవడం వల్ల లాభం లేదు.

ఇక వ్యాయామం. సాగదీసేవి అందరూ వీడియోల్లో చూపిస్తారు, అందరూ అవే చేస్తారు. నొప్పి తగ్గుతుంది, మళ్లీ వస్తుంది. ఎందుకంటే చాలామందిలో పిర్ర పక్కన, వెనక ఉండే పెద్ద కండరాలు కూర్చుని కూర్చుని బలహీనపడి ఉంటాయి. వాటి పని కూడా ఈ చిన్న కండరం నెత్తిన పడి అది బిగుసుకుపోతుంది. దాన్ని సాగదీసి వదిలేస్తే సరిపోదు, పక్కవాటికి బలం రావాలి. నా దగ్గరికి వచ్చేవాళ్లకు నేను ఇదే పదే పదే చెబుతాను.

సాగదీయడం ఇలా. చాప మీద వెల్లకిలా పడుకుని రెండు మోకాళ్లూ మడవండి. కుడి చీలమండను ఎడమ మోకాలి మీద అడ్డంగా పెట్టండి. ఎడమ తొడను రెండు చేతులతో పట్టుకుని నెమ్మదిగా ఛాతీ వైపు లాక్కోండి. కుడి పిర్ర లోపల సాగుతున్నట్టు తెలుస్తుంది. అక్కడ 30 సెకన్లు ఆగండి, ఊపిరి బిగపట్టొద్దు. మూడుసార్లు చాలు. ఉదయం, రాత్రి చేయండి. సాగే నొప్పి పిర్రలో ఉన్నంతవరకు సరే. పిక్కలోకో పాదంలోకో తిమ్మిరి దిగితే అది నరం, వెంటనే వదులు చేయండి. కసిగా లాగితే త్వరగా తగ్గదు.

బలానికి రెండు చాలు మొదట్లో. ఒకటి, అలాగే పడుకుని మోకాళ్లు మడిచి, పాదాలు నేలకు ఆనించి నడుము పైకి లేపడం. పిర్రలు బిగించి లేపాలి, నడుము విరుచుకోకూడదు. రెండోది, ఎడమ పక్కకు పడుకుని మోకాళ్లు మడిచి, పాదాలు రెండూ కలిపే ఉంచి పై మోకాలు మాత్రం తెరవడం. నడుము వెనక్కి దొర్లిపోకుండా గోడకు వీపు ఆనించుకుంటే తేలిక. ఒక్కోటి పదిసార్లతో మొదలుపెట్టి, నొప్పి పెరగకపోతే పదిహేనుకు పోవచ్చు. ఒక వారంలో మాయమైపోతుందని ఆశ పెట్టుకోకండి. ఆరు వారాల దాకా ఓపికగా చేస్తే గానీ కండరానికి బలం వచ్చిందీ లేనిదీ తెలియదు.

మాత్రల సంగతి ముఖ్యం. ప్రిగాబలిన్ మత్తు తెస్తుంది, మీరు భయపడింది నిజమే. కానీ ఒక రోజు వేసుకుని రెండు రోజులు మానేయడం కూడా మంచిది కాదు. అలవాటైన తర్వాత ఉన్నట్టుండి మానేస్తే నిద్ర పట్టకపోవడం, గాభరా లాంటివి వస్తాయి. రాసిన డాక్టర్ దగ్గరికి వెళ్లి 'నేను ఘాట్ రోడ్డు డ్రైవర్‌ను' అని ఆ మాటే చెప్పండి. మోతాదు తగ్గించాలా, రాత్రికి మార్చాలా, మెల్లగా ఆపాలా అన్నది వాళ్లు చూస్తారు. మందుల షాపులో అడిగి నొప్పి మాత్రలు కొనుక్కుని రోజూ మింగడం వద్దు. కడుపులో పుండు, కిడ్నీకి దెబ్బ తర్వాత తెలుస్తాయి.

గ్రీమ్స్‌పేట_టైలర్

తమ్ముడూ, నాది చిత్తూరు. జాకెట్లు కుడతాను. పెళ్లిళ్ల సీజన్లో పొద్దున కూర్చుంటే రాత్రికి లేచేదాన్ని. మిషన్‌కు మోటారు పెట్టించాక కుడి కాలు ఒక్కటే పెడల్ మీద ఉంటుంది. నీకు వచ్చిన నొప్పే నాకూ వచ్చింది, అచ్చం నువ్వు రాసినట్టే, కుడి పిర్రలో.

నేను కూడా సాగదీసేవే చేస్తూ ఉండిపోయాను. రెండు రోజులు బాగుండేది, పెద్ద ఆర్డరు వస్తే మళ్లీ మొదటికి వచ్చేది. ఆసుపత్రి ఓపీలో ఫిజియో అమ్మాయి పక్కకు పడుకోబెట్టి పైకాలు ఎత్తమంటే ఎడమ కాలు ఎత్తినంత సులువుగా కుడిది ఎత్తలేకపోయాను. వణికిపోయింది. అప్పుడు అర్థమైంది నాకు, ఆ వైపు బలమే లేదని. అక్క చెప్పిన ఆ మోకాలు తెరిచేది రోజూ చేశాను. దాని తర్వాతే ప్రాణం కుదుటపడినట్టు అయింది.

నాకు ఒక ఇంజెక్షన్ కూడా ఇచ్చారు. పొట్టకు తీసే స్కాన్ మిషన్ లాంటిదే పిర్ర మీద పెట్టి, తెర మీద చూస్తూ, ఆ కండరంలోకే మొద్దుబారే మందు, వాపు తగ్గే మందు కలిపి వేశారు. వేసిన కాసేపటికే నొప్పి పోయింది. 'మందు ఆ చోట వేస్తే నొప్పి పోయిందంటే నొప్పి పుట్టింది అక్కడే అని మాకూ ధైర్యం' అన్నారు డాక్టర్ గారు. ఊరికే పోయి వేయించుకోమని చెప్పడం లేదు. వ్యాయామం చేసినా తగ్గనప్పుడు అదొక దారి ఉందని తెలుసుకో. చూడకుండా గుడ్డిగా పిర్రలో పొడిచే చోటికి మాత్రం పోవద్దు, అక్కడే పెద్ద నరం ఉంది.

ఇంకొకటి. నేను ఇప్పుడు ఒక జాకెట్ పూర్తయితే లేస్తాను. చేతులు కుట్టి లేచి, కాజాలు కుట్టి మళ్లీ లేస్తాను. నువ్వు కూడా లేవడానికి ఒక గుర్తు పెట్టుకో. గడియారం చూసి లేద్దాం అనుకుంటే లేవం.

కొండబండి_తిరుపతి

అక్కలిద్దరికీ చాలా థ్యాంక్స్. పాకాల తమ్ముడికి కూడా. పర్సు కుడి వెనక జేబులోనే ఉంది. తీసేశాను. సీటు జరిపి చూస్తే మొదట ఇరుగ్గా అనిపించింది గానీ మోకాలు నిజంగానే లోపలికి వచ్చింది.

మూడు సందేహాలు. కాణిపాకంలో వాళ్లు దర్శనానికి పోతే గంట, గంటన్నర ఖాళీ. అప్పుడు సీటు వాల్చి కాళ్లు డాష్‌బోర్డు మీద పెట్టి కునుకు తీస్తాను, అది మంచిదేనా? టెన్నిస్ బంతి మీద కూర్చోమని వీడియోల్లో చెబుతున్నారు, చేయొచ్చా? మూడోది మా అమ్మ మొక్కు. నాకు నయమైతే అలిపిరి నుంచి నడిచి వస్తాడని మొక్కుకుంది. వచ్చే నెల ఎక్కించాలని ఆమె పట్టు. ఎక్కొచ్చా?

ఫిజియో_అక్క

కునుకు తీయండి, నిద్ర లేకుండా బండి నడపడం ఇంకా ప్రమాదం. కానీ వచ్చిన వెంటనే పడుకోకండి. ముందు పది నిమిషాలు గుడి చుట్టూ వీధుల్లో నడిచి రండి. తర్వాత వెనక సీటులో ఎడమ పక్కకు పడుకుని, మోకాళ్ల మధ్య మడిచిన దుప్పటి పెట్టుకోండి. కాళ్లు డాష్‌బోర్డు మీద పెడితే తుంటి బాగా మడిచిన స్థితిలో ఉండిపోతుంది, బరువంతా మళ్లీ పిర్ర మీదే. రాత్రి ఇంట్లో కూడా ఇలాగే, దిండు మోకాళ్ల మధ్య. టైలర్ అక్క చెప్పిన గుర్తు మాట బంగారం. మీరు ప్రతి ట్రిప్పులో అలిపిరి తనిఖీ దగ్గర, పెట్రోలు బంకు దగ్గర, టిఫిన్ దగ్గర ఎలాగూ ఆగుతారు. ఆగిన ప్రతిచోటా దిగాలి. దూరం పోయేటప్పుడు ముప్పావు గంట దాటి ఏకబిగిన కూర్చోవద్దు. యాత్రికులకు ముందే చెప్పండి, ఎవరూ కాదనరు.

బంతి మీద కూర్చోవద్దు. గోడకు ఆనుకుని నిలబడి, పిర్రకూ గోడకూ మధ్య బంతి పెట్టి, బిగుసుకున్న కండ మీద ఒకటి రెండు నిమిషాలు మెల్లగా ఒత్తుకోండి. నిలబడితే ఎంత ఒత్తాలో మీ చేతిలో ఉంటుంది. కాలిలోకి తిమ్మిరి పాకితే బంతి నరం మీదికి వచ్చినట్టు, పక్కకు జరపండి. వేడినీళ్ల సంచి కాపడం పెట్టుకోవచ్చు, పదిహేను నిమిషాలు, పలచటి గుడ్డ వేసి.

ఇక మొక్కు. అలిపిరి నుంచి 3,550 మెట్లు, దాదాపు 9 కిలోమీటర్ల దారి. మొదట్లో గాలిగోపురం దాకా ఒకటే ఎక్కుడు. చివర్లో మోకాళ్లమెట్టు, అప్పటికే అలసిన కాళ్లతో. శ్రీవారి మెట్టు అనే రెండో నడకదారిలో మెట్లు తక్కువే గానీ నిటారుగా ఉంటుంది, అది తేలికని ఎవరైనా చెబితే నమ్మకండి. మెట్టు ఎక్కినప్పుడల్లా శరీరం బరువంతా ఒక తుంటి మీద నిలవాలి. ఇప్పుడు మీ కుడి తుంటికి ఆ బలం లేదు. వచ్చే నెల వద్దు. అమ్మ మొక్కింది నయమైతే అని కదా, నయం కానివ్వండి. అమ్మకు నా మాటగా చెప్పండి, మొక్కుకు గడువు పెట్టలేదు కాబట్టి దోషం లేదు.

ఎప్పుడు ఎక్కొచ్చో మీరే చూసుకోవచ్చు. కుడి కాలి మీద ఒంటికాలితో అర నిమిషం నిలబడండి. నడుము ఎడమ వైపు జారకుండా, నొప్పి లేకుండా నిలబడగలిగితే ముందు ఇంటి దగ్గర మెట్లతో మొదలుపెట్టండి. తర్వాత ఒక రోజు గాలిగోపురం దాకా ఎక్కి ఆగండి. మర్నాడు కాలు ఎలా ఉందో చూసి ఆపై నిర్ణయించుకోండి. పూర్తిగా ఎక్కిన రోజు దిగడం బస్సులోనే.

పాకాల_జంక్షన్

నేను రాసింది ఎవరికీ చెడు జరగాలని కాదక్కా. తొక్కించుకోవడం గురించి మా పెదనాయనకు కూడా చెప్తా. ఒక మాట అడుగుతా, ఫిజియోతో సరిపోతుందని ఊరుకుంటే లోపల ఏదైనా పెద్దది ఉండి ముదిరిపోతే? ఎప్పుడు భయపడాలి?

ఫిజియో_అక్క

మంచి ప్రశ్న తమ్ముడూ, నేనే ముందు రాసి ఉంటే బాగుండేది అనిపించేంత ముఖ్యమైనది.

మూత్రం రావడం తెలియకపోయినా, ఆగిపోయినా, మలం అదుపు తప్పినా, కూర్చునే చోట, తొడల మధ్య మొద్దుబారినా, రెండు కాళ్లలో ఒకేసారి బలం తగ్గినా అది పిరిఫార్మిస్ కాదు. వెన్నులో కింది నరాల కట్ట మొత్తం ఒత్తుకుంటోందని అర్థం. అర్ధరాత్రి అయినా సరే, ఆ గంటలోనే స్విమ్స్ ఆసుపత్రికో రుయా ఆసుపత్రికో వెళ్లాలి. పొద్దున చూద్దాం అని పడుకుంటే నరాలు తిరిగి రాకపోవచ్చు. జ్వరంతో కలిసి వచ్చే నొప్పి, కారణం లేకుండా బరువు తగ్గడం, ఎలా పడుకున్నా తగ్గని రాత్రి నొప్పి, ముందెప్పుడైనా క్యాన్సర్ వచ్చి ఉండటం, పడ్డాక మొదలైన నొప్పి, ఇవి ఉంటే వ్యాయామాలు పక్కన పెట్టి ముందు డాక్టర్. ఎముకలు, కీళ్ల కోసమైతే మనకు బర్డ్ ఆసుపత్రి ఉంది.

కొండబండి అన్నా, మీరు ఒకటి చేయండి. రేపు పొద్దున గోడ పక్కన నిలబడి, మడమల మీద పది అడుగులు నడవండి. తర్వాత మునివేళ్ల మీద పది అడుగులు. కుడి పాదం ముందు భాగం పైకి లేవకపోయినా, చెప్పు జారిపోతున్నట్టు అనిపించినా, ఎడమ కాలితో పోలిస్తే తేడా తెలిసినా ఇక్కడ రాసి జవాబు కోసం చూడకండి. ఆ రోజు బేరం మానుకుని, ఎమ్మారై ఫిల్ము కూడా పట్టుకుని నేరుగా నరాల డాక్టర్లు చూసే న్యూరో ఓపీకి వెళ్లండి. బ్రేకు తొక్కే కాలు అది. రెండూ బాగానే నడవగలిగితే ఆ చిన్న డాక్టర్ గారు రాసిన ఫిజియో చీటీతో ఈ వారంలోనే ఎవరి దగ్గరైనా మొదలుపెట్టండి, నా దగ్గరికే రావాలని లేదు. మొదటి రోజే పక్కకు పడుకోబెట్టి రెండు కాళ్ల బలం పోల్చి చూడమని అడగండి.